గొంతు సొంతదారు

సాయంత్రం అయిదులోగా అత్తగారు "సరే" అనాలి. అనకపోతే పాట లేదు.

పాటల కంపెనీ పద్ధతి అది. ఎవరి గొంతు వాడుకుంటే ఆ గొంతుతోనే అనుమతి వినిపించాలి. సంతకాలను నమ్మి రెండుసార్లు చేతులు కాల్చుకున్నవారు వాళ్లు. ఇప్పటికే నాలుగైంది. ఆ ఇంట్లో కోడలితో అత్తగారు "సరే" అనగా విన్నవారు ఇంతవరకు లేరు.

కోడలిది చప్పుళ్లు పోగుచేసే ఉద్యోగం. నాటకంలో వాన కురవాలన్నా, ప్రకటనలో తలుపు మూలగాలన్నా ఆమె దగ్గరికే వస్తారు. అందుకే వంటింటి కిటికీకి ఏళ్ల తరబడి రికార్డరు వేలాడదీసి ఉంచింది. గిన్నెల కోసం వల వేస్తే, గిన్నెలతోపాటు అత్తగారి తిట్లూ పడ్డాయి. వాటిని కోసి, కుట్టి, గరిటెల దరువు మీద పాట కట్టింది. ఎనిమిదేళ్లు ఇతరుల నాటకాలకు వానలు కురిపించిన మనిషి. తన పేరుతో వెలువడబోయే మొదటి పాట ఇది.

ఒక్క పొరపాటు చేసింది. అత్తగారిని అడగలేదు.

ముందుగదిలో, కిటికీ పక్క కుర్చీలో ఆవిడ కూర్చుని పాటంతా విన్నారు. ఒళ్లో ఎప్పటిలాగే చిన్న పెట్టె. దాని మీద వేళ్లు మెల్లగా నడిచాయి. ఆలోచనలో పడితే అంతే.

"చెప్పకుండా నా గిన్నెలు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

ఏ సంగతినైనా వంటింటి మాటల్లోనే తేల్చడం ఆవిడ తీరు. నిరుడు ఏ శ్రుతిలో కోప్పడ్డారో ఈ యేడూ అదే శ్రుతి. అక్షరం జారదు, ఊపిరి మారదు.

"తప్పే అత్తయ్యా," అంది కోడలు. "మాటలు మీవే, కాదనను. కానీ ఒకదాని పక్కన ఒకటి పేర్చింది నేను కదా. పేర్చకముందు అవి తిట్లు. పేర్చాకే పాట."

మధ్యలో నిలబడ్డవాడు ఒకరికి కొడుకు, ఒకరికి మొగుడు. అడకత్తెరలో పోకచెక్కకైనా ఒక్కసారే తెగిపోయే సుఖం ఉంది. అతనికి అదీ లేదు. అయినా ధైర్యం చేసి భార్యకు పాత సంగతి గుర్తుచేశాడు. ఆమె పట్టుకొచ్చిన తలుపు కిర్రును ఎవరో అడక్కుండా వాడుకున్నారని వారం రోజులు ఇల్లు పీకి పందిరి వేసింది తనే కదా.

"నువ్వు ఎవరి పక్షం?" అందామె.

"తలుపు పక్షం."

అత్తగారి పెదవుల మీద నవ్వు మెదిలింది. వేళ్లు మళ్లీ నడిచాయి. "మళ్లీ పెట్టు," అన్నారు.

పాట మళ్లీ మోగింది. చరణం నడుమ ఆవిడ "చాల్చాల్లే సంబడం"ను కోడలు "చాల్చా" దగ్గర తెంపి తాళానికి సరిపెట్టింది. సరిగ్గా అక్కడ ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"సగం సగం పనులు నా దగ్గర పనికిరావు."

కోడలికి ఆ తెంపే ప్రాణం. వినేవారు నవ్వేది అక్కడేనని బతిమాలింది. అతికితే తాళం కుంటుతుందంది. కొయ్యకుండా కుట్టడం ఏ దర్జీ వల్లా కాదని వాదించింది. ఆవిడ చలించలేదు. "ఎక్కడిదక్కడ పెట్టు," అన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు, మూడూ ఒక్కలాగే.

మొగుడు ఆమె చెవిలో ఒక ఉపాయం ఊదాడు. అమ్మ గొంతు సంచులకొద్దీ భార్య దగ్గరే ఉండగా, అందులోంచే ఒక "సరే" కోసి పంపేస్తే ఎవరికి తెలుస్తుంది?

"అడక్కుండా ఒకసారి కోసింది చాలదా?" అందామె. "ఈ మాట ఆవిడే అనాలి."

నాలుగున్నరకు తలవంచింది. తెగిన మాటను అతికి మొత్తంగా నిలబెట్టింది. తాళం ఒక అడుగు తడబడింది. వింతగా, ఆ తడబాటుతోనే పాట అందగించింది. ఒప్పుకోక తప్పలేదు ఆమెకు.

"ఇంకాస్త వెయ్యి," అన్నారు అత్తగారు.

తన గొంతే ఇంకాస్త వేయమని. వేసింది.

అయిదుకు పది నిమిషాలు. కోడలు రికార్డరు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. "ఇప్పుడైనా ఆ ఒక్క మాట, అత్తయ్యా."

ఆవిడ తల ఊపారు. ఊపులు రికార్డరులో పడవమ్మా అని కొడుకు గొణిగాడు. ఆవిడ వేళ్లు పెట్టె ఈ చివరినుంచి ఆ చివరికి, ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగాయి. ఆగాయి. మళ్లీ తిరిగాయి. కోడలి వైపు చూసి, ఎన్నడూ లేనిది, ఆవిడ కాస్త సిగ్గుపడ్డారు.

అప్పుడు వినిపించింది. "సరే." ఆ మాట వెనక సన్నగా కుళాయి నీళ్ల చప్పుడు.

గొంతు ఆపరేషనై మాట పోయిన నాటినుంచి, తన పాత తిట్లను మీటమీటకూ నింపి కోడలు చేసిచ్చిన ఆ పెట్టెతోనే మాట్లాడుతున్న అత్తగారు, అందులో ఎంత వెతికినా "సరే" దొరక్క, "సరేలే, నీ మొహం" అన్న మీటను నొక్కి, సగంలో వేలు తీసేశారు.