తగిలించిన తేదీ

"ఛీ, అంతా బూటకం," అన్నాడు అల్లుడు, చెట్టు మీంచి రాలి చొక్కాకి అంటుకున్న దూదిమంచుని పురుగుని దులిపినట్టు దులుపుకుంటూ. కాలేజీలో చరిత్ర చెబుతాడు, క్రిస్మస్ చెట్టు కనిపిస్తే చాలు ఒళ్లు మండుతుంది. "యేసు పుట్టింది ఏ రోజో ఎవరికీ తెలీదు. వందల ఏళ్ల తర్వాత, పొద్దు పెరిగే రోజులు చూసి ఓ తేదీ తగిలించారు. దానికి కేకులొకటి. చూస్తుంటేనే అసహ్యమేస్తోంది అత్తయ్యా."

అత్తయ్య స్టూలెక్కి కొమ్మకి నక్షత్రం కడుతోంది. "తేదీ తెలీకపోతే పండగ చెయ్యకూడదా బాబూ?"

"అబద్ధమని తెలిశాక ఎలా చేస్తారండీ?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అతని భార్య గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"మరి నాకెలా చేస్తున్నారు?"

"నీకేంటి?"

"నన్నెవరో ఆసుపత్రి వరండాలో వదిలేసి పోయారని పెళ్లికి ముందే చెప్పానుగా. ఎప్పుడు పుట్టానో ఎవరికి తెలుసు? అమ్మ నన్ను ఇంటికి తెచ్చుకున్న రోజునే నా పుట్టినరోజని మీరు ఏటా కేకు తెస్తున్నారు."

"మాకు ఆ రోజే పుట్టింది," అంది అత్తయ్య, ముడి బిగిస్తూ.

అల్లుడు వంగి, తను దులిపి పారేసిన దూదిపింజలన్నీ ఏరి అత్తయ్యకి అందించాడు.

"ఛీ," అన్నాడు మెల్లగా.

"మళ్లీ ఎవర్ని బాబూ?"

"నన్నే."