నిద్రపోయే ఆక్సిజన్ మిషన్

కంపెనీ ఇంజనీర్లూ, కరెంటు పొదుపని ఇంటింటి ఆక్సిజన్ మిషన్లలో ప్రాసెసర్లను నిద్రపుచ్చింది మీరే. మిషన్ ఎప్పుడు ఆగిందో నమోదయ్యే లాగ్ రాస్తుంటే అవి నిద్రపోవని, ఆ రాతనూ ఆపింది మీరే.

క్వారీ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన రాజనర్సు మిషన్, ప్రాసెసర్ నిద్రలోకి జారి, రోజుకు పదిసార్లు ఆగుతోంది. ఆగినప్పుడల్లా భార్య పోశవ్వ బటన్ నొక్కి లేపి, గోడ మీద బొగ్గుతో గీత గీస్తోంది.

కంపెనీ మెకానిక్ వచ్చి చూశాడు.

"లాగ్ రాసుడు కంపెనీ ఆపింది. అండ్ల తప్పేం లేదవ్వా. మిషన్ మంచిగనే ఉంది."

"రాసుడే బందువెట్టి, రాసిలేదంటవేంది బిడ్డా? గోడ సూడు!"

"గోడను కంపెనీ ఒప్పుకోదవ్వా."

"మరి నేను పండుకుంటే దీన్నెవలు లేపాలె? నువ్వు కూసుంటవా?"

అతను పనిముట్ల సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులుగా పోశవ్వకు కునుకు లేదు. ఆమె కన్ను మూతపడితే రాజనర్సు బతకడు. ఈ పూటే లాగ్ రాత మళ్లీ మొదలుపెట్టండి. ఆ ప్రాసెసర్లను మేల్కొలిపి ఉంచండి.