ఖాళీ భవనం

"మేడమ్, ఆ ముసలాయన మళ్లీ వచ్చాడు. పొమ్మంటే పోడు," అన్నాడు గార్డు రూఫస్.

నగరం తరఫున గదులు పంచే లొరెయిన్ ట్యాబ్ మీంచి తల ఎత్తలేదు. గది కోసం వరసలో ఇంకా ముప్పై మంది ఉన్నారు. మోటెల్లో మిగిలినవి ఆరు గదులు.

కరోనా సాయం కింద కేంద్రం పంపిన డబ్బుతో ఈరీ సరస్సు ఒడ్డునున్న ఈ నగరం ఈ పాత మోటెల్ని కొన్నది. వంతెనల కింద పడుకునే వాళ్లకి గదులివ్వాలని. గడువులోగా ఖర్చు పెట్టకపోతే డబ్బు వెనక్కి పోతుంది. అందుకే అంతా ఉరుకులు పరుగులు. గోడలకి రంగు కూడా వేయలేదు.

రిబ్బను కత్తిరించిన రోజు మేయరు మైకులో గొంతు చించుకున్నాడు. "ఇది ఖాళీ భవనం! ఒక్క మనిషిని కదిలించకుండా నలభై మందికి నీడ!"

అందరూ చప్పట్లు కొట్టారు. లొరెయిన్ అందరికంటే గట్టిగా కొట్టింది.

గది ఎవరికో తేల్చేది ఆమె చేతిలోని ఫారం. జబ్బుకి ఇన్ని మార్కులు. రోడ్డు మీద గడిపిన రోజులకి ఇన్ని మార్కులు. మనిషి ఎంత పాడైతే పేరు అంత పైకి.

"సరే, రానీ," అంది.

ముసలాయన వచ్చి టోపీ తీశాడు. డెబ్బై ఉంటాయి. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు.

"పేరు?"

"ఆర్విల్ అమ్మా. నా సంగతి తర్వాత. ముందు ఆ పద్నాలుగో గది పైపు చూడండి. బయటి గోడలోంచి పోతుంది. సరస్సు గాలి మొదలైతే కొళాయి సన్నగా కారేలా వదిలేయాలి. లేకపోతే లోపల నీళ్లు గడ్డకట్టి..."

"పెద్దాయనా, అడిగిందానికి చెప్పు. ఈ ఏడాదిలో ఎన్ని రోజులు బయట పడుకున్నావు?"

"పందొమ్మిది."

వరసలో నవ్వులు లేచాయి.

"తాతా, పందొమ్మిది రోజులకే గదా? నేను నాలుగేళ్ల సీనియర్ని!" అని అరిచింది వెనక నిలబడ్డ బెర్నీస్.

"అంతకు ముందు ఎక్కడున్నావు?" అడిగింది లొరెయిన్.

"గదిలోనే అమ్మా."

"పైన కప్పుందా?"

"లేకేం? దానికి తారు పూసింది నేనే."

కప్పు కింద ఉన్నాడు, అని నొక్కింది. ఏ కప్పు అని ఫారం అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

"జబ్బులు? తాగుడు? ఆస్పత్రి?"

"ఏమీ లేవు. పని చేసుకునేవాణ్ణి."

రెండు మార్కులు. గది రావాలంటే తొమ్మిది కావాలి.

"ఏడాది పాటు బయట ఉంటే గానీ నీ పేరు ఎక్కదు, పెద్దాయనా."

"ఏడాదా? ఈ చలిలోనా?" ఆయన నవ్వాడు. "బతికుంటే రమ్మంటావు!"

"రూలు నాది కాదు."

"నీదీ కాదు, నాదీ కాదు. మరి ఎవరిదమ్మా?"

లొరెయిన్ ట్యాబ్ మీద ఆయన ఫారం మూసేసింది. తర్వాతి మనిషిని పిలిచింది. బెర్నీస్‌కి పన్నెండు మార్కులొచ్చాయి, పద్నాలుగో గది వచ్చింది.

మర్నాడు గేటు దగ్గర మళ్లీ ఆయనే.

"ఆ కొళాయి వదిలారా?"

"గది రాలేదని ప్లంబరు వేషం కట్టాడు, మేడమ్!" అన్నాడు రూఫస్.

లొరెయిన్‌కి కూడా నవ్వొచ్చింది. "గేటు లోపలికి రానివ్వకు," అంది.

ఆయన రోడ్డుకి అవతల బస్సు షెల్టర్లో కూర్చున్నాడు. కిటికీలోంచి చూసినప్పుడల్లా అక్కడే ఉన్నాడు. వచ్చే పోయే మనుషుల్ని చూడడు. మోటెల్ కప్పు వంక చూస్తాడు, గోడల వంక చూస్తాడు.

ఆ వారమే ఈరీ సరస్సు మీంచి గాలి లేచింది. రెండు రోజులు ఆగలేదు. మూడో రోజు పొద్దున పద్నాలుగో గది వెనక పైపు పగిలింది.

గోడ చీలింది. పైకప్పు కూలింది. నీళ్లు కరెంటు పెట్టెలోకి పోయి హీటర్లన్నీ ఆగిపోయాయి. నలభై మంది తడిసిన దుప్పట్లతో మంచులోకొచ్చి నిలబడ్డారు.

"నాలుగేళ్ల తర్వాత నాలుగు రోజులు మంచం మీద పడుకున్నాను," అంది బెర్నీస్, ఎవరితోనూ కాదు.

పిలిపించిన ప్లంబరు తడుముకుంటున్నాడు. "నీళ్లు ఆపే వాల్వు ఎక్కడుందో చెప్పేవాడు ఒక్కడూ లేడా?"

లొరెయిన్ రోడ్డు వంక చూసింది. "రూఫస్! ఆ ముసలాయన్ని పిలుచుకురా, పరిగెత్తు!"

రూఫస్ పరిగెత్తాడు. వెనక్కి మాత్రం నడిచే వచ్చాడు.

"లేవడం లేదు, మేడమ్. బిగుసుకుపోయాడు."

 

చివరికి ప్లంబరు స్టోరు గది వెనక చెక్క పలక పీకేశాడు. లోపల వరసగా వాల్వులు. ప్రతిదానికీ తెల్ల టేపు, దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. 'పద్నాలుగు. ఇది తిరగేసి బిగించారు. ఎడమకి తిప్పితే మూసుకుంటుంది.'

ఎడమకి తిప్పాడు. నీళ్లు ఆగాయి.

"ఎవరో గానీ మహానుభావుడు," అన్నాడు ప్లంబరు. "పదకొండేళ్ల తేదీలున్నాయి ఇక్కడ. ఈ కొంపని ఒంటి చేత్తో నిలబెట్టాడు. మేడమ్, తొమ్మిదో గదిలో ఎవరుండేవాళ్లు?"

"ఎవరూ లేరు. ఖాళీ చేయించి..." లొరెయిన్ మాట మార్చింది. "ఖాళీగానే ఇచ్చారు మాకు."

"మరి ఇదేంటి?"

పలక లోపలి వైపు ఇంకో టేపు అంటించి ఉంది. లొరెయిన్ వంగి చదివింది.

'నీళ్లు ఆగకపోతే తొమ్మిదో గది తలుపు కొట్టండి, నేను ఎక్కడికీ పోను. ఆర్విల్.'