ముట్టని గిటారు

"ఇది మాది కాదు రమణా. పాతది దాచుకొని వేరేది ఇస్తున్నవ్."

నా భార్య వాయించిన గిటారు, ఆమె పోయాక పెట్టెలోనే ఉంది. తీగ తెగిందని కోడలు అరుణశ్రీ అంటే ఖమ్మంలో రమణ రిపేరు దుకాణానికి తెచ్చాం. ఇప్పుడు మునుపటికన్నా నిండుగా మోగుతోంది.

రమణ నొచ్చుకోలేదు. "మీదే సార్. పాత చెక్క వాయిస్తుంటేనే గిట్ల పలుకుతది. పెట్టెల పెడితే మొద్దుబారతది. దీన్ని ఎవరో రోజూ వాయిస్తున్నరు."

"ఎవర్నీ ముట్టనియ్యలే నేను."

అరుణశ్రీ తల వంచుకుంది. "మీరు డ్యూటీకి పోయినంక నేనే వాయిస్తున్న మామయ్యా. అత్తయ్య నేర్పింది. మీరు బాధపడతరని చెప్పలే."

ఆమె వేళ్ల కొసలు చూశాను. నా భార్యకున్నట్టే కాయలు కాచాయి.

గిటారు ఆమె చేతికిచ్చాను. "ఇగనుంచి నేను ఇంట్ల ఉన్నప్పుడు వాయించు బిడ్డా."