అమన్ వచ్చిన పూట

“బాపూ, అమన్. అమన్ దొరికింది” అంటూ సిద్దిరాములు ఇంట్లోకి ఉరికొచ్చాడు.

పోచయ్యకు చెవులు రెండు ఉన్నా వినికిడి ఒక్కదానికి సరిపడానే. ఆయనకు వినబడింది ‘అమీన్’. నిజాం సర్కారులో అమీన్ అంటే ఠాణాకు పెద్ద. ఆ పూట మనుమరాలికి పేరు పెట్టే తొట్టెల విందు. ఆ విందు కోసం దొంగచాటుగా కాచిన ఇప్పసారా కుండ నట్టింట్లోనే ఉంది.

“అక్కా, అమీన్ వస్తున్నడంట” అన్నాడు.

ఆయన అక్క ఎంకవ్వ కుండను గోడవారకు జరిపి, దాని మీద పీట వేసి, పీట మీద తాను కూర్చుని, చీర చుట్టూ పరుచుకుంది. ఎంకవ్వ కూర్చుంటే కుండేమిటి, ఎడ్లబండి కూడా కనబడదు.

సిద్దిరాములు నోరు తెరవబోతే తల్లి భూమక్క రెక్క పట్టుకుని కొట్టంలోకి లాక్కుపోయింది. వెనకాలే పోచయ్య.

“అమీన్ గాదు బాపూ, అమన్. కచేరిల మున్షీని అడిగిన. ఉర్దూల శాంతి అని అర్థమట. పిల్లకు పెడదామని.”

సంగతేమిటంటే, కోడలు రాజమణి తల్లి శాంతవ్వ నిరుడు కామారెడ్డిలో కాలం చేసింది. పుట్టింట చేసే దిక్కు లేక తొలి కాన్పు ఎల్లారెడ్డిలో అత్తింట్లోనే అయింది. పిల్లకు తల్లి పేరు పెట్టుకోవాలన్నది రాజమణికి ఉన్న ఒకే ఒక్క ఆశ. ఎంకవ్వ అడ్డం పడింది. “మా ఇంట్ల తొలుసూరు పిల్లకు మా అవ్వ పేరే. లచ్చవ్వ.” ఎంకవ్వ మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. పేరు ఎలాగూ దక్కదు, అర్థమైనా దక్కించుకుందామని మొగుడు మున్షీ దాకా పోయాడు.

“ఆడిపిల్లకు అమన్ ఏందిరా” అంది భూమక్క. “పిలిచినప్పుడల్లా మీ నాయినకు అమీన్ వస్తడు.”

“అక్కను లేపొస్త. పాపం, ఊకెనే కుండ మీద కూసున్నది” అన్నాడు పోచయ్య.

“నువ్వు సప్పుడు జెయ్యకు.”

పోచయ్య సప్పుడు చెయ్యలేదు. బతుకంతా ఆయన కోరుకున్నది శాంతి, కట్టుకున్నది భూమి. పేరుకే భూమక్క. నోరు తెరిస్తే భూకంపమే.

వివాదం తేల్చే దారి ముందురోజే చూపింది కూడా భూమక్కే. పిల్ల ఏడుస్తుండగా పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెవిలో అడగాలి. ఏ పేరుకు ఏడుపు ఆపితే ఆ పెద్దమనిషే మళ్ళీ పుట్టినట్టు. “నీ మాటొద్దు, నా మాటొద్దు వదినె. పిల్లనే జెప్తది” అంది. వచ్చేది మా అవ్వే అన్న ధీమాతో ఎంకవ్వ సరేనంది.

కోడలికి మాత్రం పొద్దున్నే భూమక్క హుకుం అయింది. “పేరు తేలేదాంక పిల్లకు పాలియ్యకు. కడుపు నిండిన పిల్ల ఏ పేరుకైనా ఊకుంటది. కొంగు నిండ కప్పు, దిష్టి తాకుతది.” తల్లిలేని కోడలి మీద ఇంత కరకుతనమా అని పోచయ్య మనసు చివుక్కుమంది. అనే ధైర్యం ఎక్కడిది?

రాజమణి గోడకు ఆనుకుని కూర్చుంది. కొంగు కింద పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది. కామారెడ్డి నుంచి వచ్చిన ఆమె తండ్రి పర్శరాములు గడప దగ్గర తల వంచుకుని ఉన్నాడు.

భూమక్క వంగి మొదలుపెట్టింది. “లచ్చవ్వవా?”

ఏడుపు.

“పోశవ్వవా? మల్లవ్వవా?”

ఏడుపు ఇంకో మెట్టు ఎక్కింది.

“లచ్చవ్వ అని మల్లొక్కసారి అను, సక్కగ అను” అని పీట మీది నుంచి ఎంకవ్వ. భూమక్క మళ్ళీ అంది. లాభం లేదు. “నువ్వు జరుగు, నేనే వచ్చి అడుగుత. నా గొంతంటే మా అవ్వ గొంతే.”

“లేవకు వదినె. అమీన్ సందు మలుపులనే ఉన్నడంట.”

ఎంకవ్వ లేవబోయి కూలబడింది. పోచయ్య నోరు తెరిచాడు. భూమక్క చూసింది. మూశాడు.

అరిచి అరిచి భూమక్కకు గొంతు పట్టినట్టుంది, ఖళ్ళున దగ్గింది. “శాంతవ్వవా?”

ఏడుపే.

“గా పేరెందుకు? ఆమె మనింటామె గాదు గద” అంది ఎంకవ్వ.

“మనింటి పేర్లు ఒడిసినయ్. పిల్లను ఏడ్సుకుంట ఇడిసిపెడ్దమా?” భూమక్క ఈసారి పేగులు కదిలేలా దగ్గింది. “శాంతవ్వవా?”

ఏడుపు టక్కున ఆగింది.

పెండ్లయిన నాటి నుంచి పోచయ్య ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎరగడు. ఉన్న వినికిడి కూడా పోయిందేమోనని చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. గడప దగ్గర పర్శరాములు తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. రాజమణి తల పైకెత్తలేదు.

ఎంకవ్వ చేతులు జోడించింది. “వచ్చినామెను పొమ్మంటమా? శాంతవ్వనే కానియ్యిండ్రి. గని గా అమీన్ పోయిండా? నా నడుం పోయింది.”

“అమీన్ రానే లేదత్తా” అని సిద్దిరాములు అందరి ముందూ విప్పి చెప్పాడు. “అమన్ అన్న. బాపుకు గట్ల ఇనబడ్డది. అమన్ అంటే శాంతే.”

ఇల్లంతా నవ్వింది. ఎంకవ్వ తమ్ముడి వైపు ఉరిమి చూసింది. “ఇంటికి శాంతి వచ్చిందంటే నన్ను కుండెక్కిస్తివి. నిజంగ అమీనే వస్తే ఏడికెక్కిస్తుంటివిరా?”

కుండ ముందు, జనం వెనక, అందరూ వాకిట్లోకి నడిచారు. మనుమరాలిని ఒకసారి చూసుకుందామని పోచయ్య తలుపు చాటునే నిలబడ్డాడు.

భూమక్క కోడలి పక్కన చతికిలబడి, కొంగు సర్ది, గుసగుసగా ఏదో అంది. ఆమె గుసగుస పోచయ్యకు సైతం వినబడుతుంది.

“మొదటి దగ్గుకే పాలియ్యమన్న గదనే, బిడ్డా.”