చీరల పందిరి

పదకొండు గంటలకు పంపు ఆగిపోయింది.

ఎండ దెబ్బకు ఆ ప్రాంతమంతా కరెంటు తీసేశారనీ, రాత్రికి గాని రాదనీ ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. కార్లా అది చదివి, ఫోన్ ట్రక్కులోకి విసిరేసి, ట్రక్కు మెట్టు మీదే కూలబడిపోయింది. శాక్రమెంటోకి ఉత్తరాన గంట దూరంలో ఉన్న ఆమె గంజాయి తోట అది. దొంగతోట కాదు. కాలిఫోర్నియా రాష్ట్రమే లైసెన్సు ఇచ్చి, మొక్క మొక్కకీ నంబరు బిళ్ల కట్టించింది. మొత్తం మూడు వందల మొక్కలు, ఇంకో రెండు నెలల్లో కోత. ఫారెన్‌హీట్‌లో నూట పదిహేను, అంటే మన లెక్కలో నలభై ఆరు డిగ్రీల ఎండ కాయడం ఇది మూడో రోజు. ఆకుల అంచులు పైకి ముడుచుకుని దొన్నెల్లా అయిపోయాయి. లేత చిగుళ్లు మాడుతున్నాయి.

"ఇక వదిలేద్దాం డీనా. అందరినీ ఇళ్లకు వెళ్లిపొమ్మను," అంది కార్లా.

కార్లా నోట డీనా అయిన దీనమ్మ కదల్లేదు. పొన్నూరు పక్కన తమలపాకు తోటల్లో పుట్టి పెరిగిన మనిషి ఆమె. యాభై ఎనిమిదేళ్ల వయసులో, అమెరికాలో కూతురి దగ్గర ఉంటూ, వచ్చీరాని ఇంగ్లీషుతో అడిగితే పని ఇచ్చింది కార్లా ఒక్కతే. ఈ పంట పోతే తోట మూతపడుతుంది, తనతోపాటు పదిమంది పని పోతుంది. అదలా ఉంచి, పచ్చటి మొక్క కళ్లముందు ఎండిపోతుంటే చూస్తూ నిలబడటం ఆమెకు చేతకాదు.

"ట్యాంకులో నీళ్లున్నాయా?"

"సగం ఉన్నాయి. ఒక్క తడికి కూడా చాలవు."

"చాలేట్టు చేద్దాం."

కూతురు షారన్‌కి ఫోన్ చేసింది. షారన్ ఫార్మసిస్టు, ఆ రోజు ఇంట్లోనే ఉంది. ఉన్న నూలు చీరలూ దుప్పట్లూ అన్నీ తెమ్మంది దీనమ్మ. పెట్టెలోవి కూడానా అని షారన్ అడిగింది. పెట్టెలోవీ, రోజూ కట్టుకునేవీ, చర్చికి కట్టుకెళ్లేవీ అన్నీ అని చెప్పింది. నీకు వడదెబ్బ తగిలితే నేనేం కావాలమ్మా అని షారన్ ఏడుపు గొంతుతో అంటే, ముందు చీరలు తెచ్చి తర్వాత ఏడవమని ఫోన్ పెట్టేసింది.

ఈలోగా పక్క రైతు దగ్గర గడ్డిమోపులు తెప్పించి, తడి ఆరిపోకుండా మొదళ్ల చుట్టూ జానెడు మందాన పరిపించింది. ఎరువు కలపబోయిన మనిషిని చెయ్యి పట్టుకుని ఆపింది, ఈ వేడిలో ఎరువు పడితే వేళ్లు మాడిపోతాయని. ట్యాంకు నుంచి వచ్చే నల్ల పైపు కాగిపోయి ఉంది. ముందు వచ్చిన నీళ్లు బొబ్బలెక్కేంత వేడి. వాటిని బకెట్లలో పట్టి నీడన పెట్టించి, చల్లబడ్డాకే మొక్కకు చెంబుడు చొప్పున మొదట్లో పోయించింది.

చీరలొచ్చాయి. చంపేది పడమటి ఎండ కాబట్టి ఆ వైపు గెడలు పాతి తెరలు కట్టారు. తోటలో ఉన్న నీడవలలు సగం వరసలకే సరిపోయాయి. మిగతా సగానికి మంగళగిరి చీరలు, వెంకటగిరి చీరలు, దుప్పట్లు. తల్లి పెళ్లినాటి తెల్లచీరను షారన్ కార్లోనే దాచేసింది. చివరి వరసకు తెర చాలకపోయేసరికి దీనమ్మ వెళ్లి అదీ తెచ్చి కట్టింది.

మూడు గంటలకు ఇద్దరు పనివాళ్లు కళ్లు తిరిగి చతికిలబడ్డారు. నీళ్లు అయిపోయాయి. మొక్కలు తలలు వేలాడేశాయి. చేయగలిగింది ఇంకేమీ లేదు. దీనమ్మ ఆ గడ్డిలోనే మోకరించింది. ఈ మొక్క కోసం ప్రార్థన చేయొచ్చో లేదో ఆమెకు తెలియదు. చేసింది.

ఆరున్నరకు గాలి తిరిగి చల్లబడింది. పొద్దు వాలేసరికి ఒక్కో ఆకూ విచ్చుకుంటూ వచ్చింది. ముప్పై మొక్కలు పోయాయి. మిగిలినవన్నీ బతికాయి. కార్లా దీనమ్మను పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ వారం ఊరి పేపర్లో దీనమ్మ ఫోటో వేశారు. రంగురంగుల చీరల మధ్య, ఏపుగా ఉన్న మొక్క మీద చెయ్యి వేసి నవ్వుతూ నిలబడి ఉంది. కింద ఆమె చేసిందంతా రాశారు. జీవితంలో మొదటిసారి తన పేరు అచ్చులో చూసుకుంది.

చలికాలంలో అమెరికా పౌరసత్వం ఇంటర్వ్యూ వచ్చింది. ఐదేళ్లుగా ఎదురుచూసిన రోజు. షారన్ బయట కూర్చుంది. దీనమ్మ ఒక్కతే లోపలికి వెళ్లి, అడిగిన ప్రశ్నలన్నిటికీ తడబడకుండా జవాబులు చెప్పింది. ఆఫీసరు పెద్దాయన, నెమ్మదస్తుడు. బాగా చదువుకొచ్చారని మెచ్చుకుని, కలం తీసి కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

"పొలం పని అని రాశారు. ఏం పండిస్తారు?" అని నవ్వుతూ అడిగాడు.

ఆ ఎండ, ఆ రోజు పడ్డ పాట్లు, ఆ చీరలు, అన్నీ చెప్పాలనిపించింది దీనమ్మకు. అంత ఇంగ్లీషు రాలేదు. సంచిలోంచి పేపరు ముక్క తీసి, మడత విప్పి, ఆయన ముందు పెట్టింది.

ఆయన మొత్తం చదివాడు. మళ్లీ మొదటినుంచీ చదివాడు. నవ్వు ఆగిపోయింది.

"కాలిఫోర్నియా ఒప్పుకోవచ్చు మేడమ్. కేంద్ర చట్టంలో గంజాయి పెంచడం నేరమే. ఈ పని చేసినవాళ్లకు నేను పౌరసత్వం ఇవ్వలేను," అన్నాడు. కలం మూత పెట్టి, ఆమె ముఖంలోకి చూడలేక కాగితాల వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"మీరు ఏ టమాటాలనో చెప్పి ఉంటే, ఈపాటికి సంతకం పెట్టేసేవాణ్ణి."