చప్పుడు చెయ్యని మెషీను

“పాట ఆపేయొచ్చా?” అని అడిగింది సుజన.

సేల్స్‌మన్ అర్థం కానట్టు చూశాడు. ఉతకడం పూర్తవగానే ఆ మెషీను చిన్న పాట పాడుతుంది. హౌరాలో ఆ షాపుకి వచ్చినవాళ్లు దాన్ని మళ్లీ వేయించుకుని మరీ వింటారు.

“ఆపొచ్చు బౌదీ,” అన్నాడు, బెంగాలీలో వదిన వరస కలిపి, హిందీలో. “కానీ ఎందుకు?”

సుజన పక్క మెషీను దగ్గరికి నడిచింది. వాళ్లు అనుకున్న ధరలో మూడు మెషీన్లే ఉన్నాయి. మూడింటినీ తిప్పించింది. తిరుగుతున్నప్పుడు మూత మీద చెయ్యి వేసి, చెవి ఆనించి చూసింది. ఒక్క బట్టే వేసినా ఉతుకుతుందా అని అడిగింది. ఒకసారి నేర్పితే గుర్తుంచుకుంటుందా, తర్వాత ఒక్క బొత్తాం నొక్కితే చాలా అని అడిగింది.

భర్త యోగేశ్ పక్కన నిలబడి ఫోన్లో రివ్యూలు చదువుతున్నాడు. సెక్టార్ ఫైవ్‌లో ఒక ఆఫీసులో సూపర్‌వైజరు. అతనికి కావలసింది ఒక్కటే. ఇంట్లో మెషీను ఎప్పుడు తిరిగిందో, ఎన్నిసార్లు తిరిగిందో ఆఫీసులో ఉన్న తన ఫోనుకి తెలియాలి.

“అది వద్దు,” అంది సుజన.

“ఏటి వద్దు? స్మార్ట్ అంటేనే అది కదా.”

“మిగతావన్నీ ఉండనీ. ఫోనుకి మాత్రం వద్దు.”

సేల్స్‌మన్‌కి తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది. “బౌదీ ఏదో దాస్తున్నారు దాదా,” అని నవ్వాడు.

యోగేశ్ నవ్వలేదు.

మెషీను శనివారం ఇంటికి వచ్చింది. వారం రోజుల్లో నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారు. షాలిమార్ రైల్వే యార్డు వెనక సందులో వాళ్లది రెండు గదుల ఇల్లు. స్నానాల గది పక్కన పెట్టమన్నాడు యోగేశ్. సుజన గొట్టం పొడుగ్గా లాగించి వెనక వరండాలో పెట్టించింది. అక్కడే మామగారి మంచం.

“నాన్న తలకాడ పెడతావేటి? ఆయన పడుకోవద్దా?”

“చప్పుడు రాదు. చూసే తీసుకున్నాను.”

మామగారు పెద్దిరాజు ముప్పై ఏళ్లు ఓడరేవు డాకుల్లో పనిచేసి దిగిపోయిన మనిషి. భార్య సింహాచలమ్మ పోయి నాలుగు నెలలైంది. సుజన ఆయనతో నేరుగా మాట్లాడదు. ఆమె పుట్టిన ఊళ్లోనూ కోడళ్లు మామల ఎదుట నిలబడి మాట్లాడరు. ఆయనకి చెప్పవలసినదేదైనా అత్తగారికి చెప్పేది. ఇప్పుడు భర్తకి చెప్పింది.

“నాకు చెయ్యి లాగుతోంది. ఇకనుంచి మీ ఇద్దరి బట్టలూ మావయ్యే మెషీన్లో వేసుకోవాల. నావి నేను ఉతుక్కుంటాను.”

యోగేశ్ అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు.

“చెయ్యి లాగితే నీవెలా ఉతుకుతావు?”

ఆమె పప్పు గిన్నె అతని ముందుకి జరిపింది.

“మా నాన్న చేత బట్టలుతికిస్తావా? అమ్మ ఉంటే అనేదానివా ఈ మాట?”

“అత్తమ్మ లేదు గదా,” అంది సుజన. అన్నాక ఆ మాట ఆమెకే చేదుగా తగిలింది.

ఒక కాగితం మీద తెలుగులో రాసి మెషీను మూతకి అంటించింది. ‘బట్టలు వేసి నీలం బొత్తాం నొక్కాలి. అరగంట పడుతుంది. పాట రాదు.’ బెంగాలీ బడిలో చదువుకున్న యోగేశ్ రెండు మాటలు కూడబలుక్కుని వదిలేశాడు. పెద్దిరాజు కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాటినుంచి ఇంట్లోవాళ్లు లేచేసరికి బట్టలు తీగ మీద ఆరుతుండేవి.

మూడో రోజుకి సందంతా తెలిసింది. పక్కింటి అమ్మన్నమ్మ కూరల బండి దగ్గర పదిమందీ వింటుండగా అడిగింది.

“ఏటే సుజనా, మావకి డూటీ ఏసినావంట?”

“అవును పిన్నీ.”

“పెందలకడే లేచి బట్టలారేసుకుంతన్నాడు పాపం. మా సింహాచలం ఉన్నన్నాళ్లూ మొగుడి చేత గలాసు ఎత్తించినేదు. నీకు ఆరు రొట్టెలు సేసిన సేతికే నొప్పొచ్చేసినాదా?”

బండివాడితో సహా నవ్వారు. సుజన వంకాయలు సంచిలో వేసుకుని వచ్చేసింది.

శుక్రవారం సాయంత్రం యోగేశ్ ఆఫీసునుంచి వస్తూనే చెప్పాడు.

“షాపువాళ్లని రేపు వచ్చి పట్టుకుపొమ్మన్నాను. సందులో తలెత్తుకోలేకపోతన్నాను.”

సుజన గుమ్మం పట్టుకుని నిలబడింది. 

“నన్ను ఏదన్నా అను. అది మాత్రం పంపకు.”

“ఎందుకో చెప్పు.”

ఆమె వరండా వైపు చూసి తల దించుకుంది. 

“నీ దగ్గర జవాబు లేదు. నీకు ఆయన్ని చూస్తే భారం, అంతే.”

వరండాలో పెద్దిరాజు దగ్గాడు.

“ఉండనీరా దాన్ని.”

“నీకెందుకు నాన్నా ఈ వయసులో...”

“ఉండనీమన్నాను గదా. కోడల్నేటీ అనకు.”

యోగేశ్ కాసేపు ఫోను చేతిలో తిప్పాడు. తర్వాత షాపుకి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. భార్య మొహం చూడకుండా చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

సింహాచలమ్మ పోయిన వారానికే ఒక తెల్లవారుజామున, నిద్రలో తడిపేసుకున్న దుప్పటిని యార్డు గోడ చాటున పెద్దిరాజు చప్పుడు కాకుండా ఉతుక్కుంటుంటే చూసినది సుజన ఒక్కతే.